కలుపు తీసిన బాతులు

చెంచురామయ్య ఆ ఉదయం లేస్తూనే పనులన్నీ వరసగా అనుకున్నాడు. ఇల్లు ఊడవాలి, అన్నం, చారు వండాలి, మధ్యాహ్నానికల్లా పెరట్లో స్ట్రాబెర్రీ మడిలో ఒక్క గడ్డిపరక కనపడకుండా చేయాలి. కడుపు ఆపరేషనై భద్రాచలం దవాఖానాలో ఉన్న భార్య ప్రమీలారాణిని ఆ రోజే ఇంటికి పంపుతున్నారు. తాను దగ్గరుండి తీసుకొస్తానని, అల్లుడు ఇల్లు చూసుకుంటే చాలని అత్తగారు పున్నమ్మ కబురు చేసింది.

ఆ మడంటే ప్రమీలకు ప్రాణం. అన్నయ్య మహాబలేశ్వరం నుంచి తెచ్చిచ్చిన మొక్కల్ని తమ ఊరు సారపాక ఎండలకు భయపడుతూ, చలికాలమంతా చుట్టూ వరిగడ్డి పరిచి, పొద్దున్నే కలుపు పీకి నిలబెట్టింది. పీకిన తుంగ పీకినట్టే మళ్లీ లేచేది. మొన్న వానాకాలం చెంచురామయ్యకు పచ్చకామెర్లు వచ్చినప్పుడూ ఆమె ఇలాగే విసుగు లేకుండా కూర్చుని, చప్పిడి పథ్యం ముద్ద ముద్దగా తినిపించి బతికించింది. ఆ మేలుకు బదులు ఏం చేయాలో తెలియక లోలోపల నలుగుతున్న మనిషికి, ఆమె లేని రోజుల్లో కలుపు బలిసిపోవడం దేవుడిచ్చిన అవకాశంలా కనిపించింది. చిక్కల్లా ఒకటే. అతనికి నడుము వంగదు. కాగితం మిల్లు టైమాఫీసులో కూర్చుని కూర్చుని అది కుర్చీ ఆకారానికి అలవాటుపడిపోయింది.

దారి రేడియో చూపింది. రైతుల కార్యక్రమంలో ఎవరో పెద్దమనిషి, పెద్ద బాతులు స్ట్రాబెర్రీ ఆకు ముట్టవనీ, గడ్డి మాత్రం నున్నగా మేస్తాయనీ చెప్పాడు. అయితే ఒక్క జాగ్రత్త, అని ఆయన అంటుండగా కరెంటు పోయింది. జాగ్రత్తలు దేనికైనా ఉండేవేగా అనుకుని, చెంచురామయ్య మిల్లులో వెదురు దింపే ముసలయ్యను అడిగి రెండు బాతుల్ని తెప్పించుకున్నాడు.

"కరవయ్ సారూ. తినుడు మాత్రం ఆపయ్," అని అప్పగించి పోయాడు ముసలయ్య.

బాతులు రేడియో మాట నిలబెట్టాయి. తుంగా గరికా మొదలంటా మేసుకుంటూ పోయాయి. ఆకుల చాటున గుప్పెడు పండ్లు ఎర్రగా పండి ఉన్నాయి. భార్య గుమ్మంలో అడుగుపెట్టగానే చేతికివ్వాలని చెంచురామయ్య వాటిని కోయకుండా ఉంచాడు. కాసేపు తృప్తిగా చూసి, చారు పొయ్యిమీద పెట్టడానికి లోపలికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి గడ్డి అయిపోయింది. పండ్లూ అయిపోవస్తున్నాయి. ఆఖరి పండును బాతు ముక్కులోంచి లాక్కోబోతే అది నలిగి, రసం అతని ముంజేతి మీదుగా కారింది. పక్కింటి గంగక్క గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏంది సారూ గా నెత్తురు? బాతు కరిసిందా?"

నిజం చెబితే, రిక్షా గోదావరి వంతెన దాటీ దాటకముందే ఆ సంగతి ప్రమీల చెవిన పడుతుంది. తానే మెల్లగా చెప్పుకుందామని, "ఆఁ... కొంచెం," అన్నాడు.

గంగక్క నోట ఆ కొంచెం చాలా అయింది. వీధి చివర ఉండే కాంపౌండరు జైరాం సూదుల పెట్టెతో పరుగెత్తుకొచ్చాడు. గాయం కోసం చేయంతా వెతికి, కనపడని గాయాలే ప్రమాదమని తేల్చాడు. కుక్కకైతే బొడ్డు చుట్టూ పొడవాలి, బాతుకు ఎక్కడ పొడవాలో పెద్ద డాక్టరును కనుక్కుంటాను, అప్పటిదాకా ఇది ఉండనీయండి అంటూ జబ్బలో ఒకటి దించాడు. చెంచురామయ్య పళ్లు బిగపట్టి పొడిపించుకున్నాడు. దీంతో పీడ వదిలిందనుకుంటుండగా గంగక్క భర్త పగిడయ్య దుడ్డుకర్రతో దిగాడు. అతని వెనక సగం వీధి ఉంది.

"పిచ్చి బాతులు సారూ. ఇడిసిపెడితే రేపు పోరగాండ్లను కరుస్తయ్," అంటూ బాతుల్ని మూలకు తరిమాడు.

వాకిట్లో రిక్షా ఆగింది. జనాన్ని చూసి, అల్లుడికి ఏమయిందోనని పున్నమ్మ గుండె పట్టుకుంది. ప్రమీల తల్లి భుజం ఆనుకుని నెమ్మదిగా పెరట్లోకి వచ్చింది.

కర్ర లేచింది. చెంచురామయ్య వెళ్లి బాతులకు అడ్డంగా నిలబడ్డాడు.

"అవి కరవలేదు పగిడయ్యా. ఇది నెత్తురు కాదు, పండ్ల రసం. నీ పండ్లన్నీ తినేశాయి ప్రమీలా. కలుపు తీస్తాయని నేనే వదిలాను."

ప్రమీల మడి వంక చూసింది. నల్లటి మట్టిలో వరసగా మొక్కలు. తుంగపరక అన్నది లేదు.

"అన్నీ తినేశాయా?"

"ఒక్కటీ మిగల్లేదు."

"బతికించాయి, తల్లులు," అంది ప్రమీల.

ఆ పండ్లు ఆమెకు చింతకాయంత పులుపు. మొదటి పండు కొరికిన రోజే దండం పెట్టేసింది. కామెర్ల నుంచి లేచిన భర్త పెట్టినవన్నీ మారుమాట లేకుండా తింటుంటే, ఇష్టమేమో అనుకుని కలుపుతో అంత యుద్ధం చేసిందట. చెంచురామయ్య తెల్లబోయాడు. ఆమె నొచ్చుకుంటుందని తాను వాటిని మందు బిళ్లల్లా నమలకుండా మింగేవాడినని ఒప్పుకున్నాడు.

నవ్వితే కుట్లు లాగుతాయని ప్రమీల పొట్ట పట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుని, వీధి అంతా చూస్తుండగానే అతని ఎర్రటి చేయి పట్టుకుంది.

"నడుం వంగని మనిషి. నాకోసం ఇంత తంటాలు పడ్డారా?"

చెంచురామయ్య పొద్దుటి నుంచీ జరిగినవన్నీ మరిచిపోయి, ఈ చేయి మళ్లీ ఇంటికి వచ్చిందని మాత్రం మనసులో దేవుడికి మొక్కుకున్నాడు.

పగిడయ్య కర్రను గోడకు ఆనించి, తమ పెరట్లోనూ గడ్డి బాగా పెరిగిందని, బాతుల్ని పొద్దుగూకే దాకా ఇస్తే మేలని అన్నాడు.