చిలకతోక చేతుల జాకెట్టు

ఈ దసరాకి ఊళ్లో ఎవరికీ లేని జాకెట్టు కుట్టిపెడతానని దేముడు పెళ్లానికి మాట ఇచ్చాడు. ఆ మాట నిలబెట్టుకుందామని పొద్దున్నే ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వే కాలనీలో తన క్వార్టరు వరండాలో మిషను ముందు కూర్చున్నాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు ఉద్యోగం, ఇంటికొస్తే దర్జీ పని అతనిది. పాపం అప్పలనర్సమ్మ! దర్జీ పెళ్లామై ఉండి కూడా ఊళ్లోవాళ్లకు కుట్టగా మిగిలిన ముక్కల జాకెట్లే తొడుక్కునేది.

చేతులకు చిలకతోకల్లా పచ్చ కుచ్చులు పెట్టాడు. ప్యాంటు పొట్టి చేయించుకుందామని ప్రేమ్ బజార్ నుంచి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థి హరనాథ్ అది చూసి "యునీక్!" అన్నాడు.

"అంటే ఏటి బాబూ?" అన్నాడు దేముడు.

"లోకంలో ఇలాంటిది ఇంకోటి లేదని."

నర్సమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం ఇంట్లో దాచుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. గోడ మీంచి పక్కింటి గంగాభవానికి చూపించింది. ఆవిడ మొగుడు వర్క్‌షాపులో చార్జిమేను, దేముడికి డ్యూటీలు వేసేది ఆయనే.

"ఇది యునీకంటమ్మా. ఇలాటిది ఇంకోటి నేదంట."

"అలాగా! అయితే నాకూ అలాటిదే కావాల. ఏటంటావు దేముడూ?"

ఏమంటాడు? కుట్టాడు. అది చూసి "నాకో యునీకు", "మా కోడలికో యునీకు" అంటూ వీధి వీధంతా వచ్చి పడింది. ఎన్ని చేసినా వెంట్రుకవాసి తేడా రాకూడదన్నది వర్క్‌షాపు అలవాటు కదా, దేముడు రేకుతో అచ్చు కోసుకుని మరీ కుట్టాడు.

"ఎవులికీ నేనిదన్నావు గదా మావా?" అంది నర్సమ్మ.

"ఎవులు సూత్తారే!" అన్నాడు.

అష్టమినాడు పూజా పందిట్లో చూద్దురు కదా, ఎటు తిరిగినా చిలకతోకలే! నర్సమ్మ గిరుక్కున ఇంటికి పోయి, కొత్తది విప్పి పారేసి, పాత ముక్కల జాకెట్టు తొడుక్కొచ్చింది. దానికి ఒక చెయ్యి ఎరుపు, ఒక చెయ్యి పసుపు. పందిరంతా దానివైపే చూసింది.

"ఓలమ్మ, ఎంత బాగుందే! దేముడూ, రేపటికి నాకూ అచ్చం ఇలాటిదే కుట్టీ," అంది గంగాభవాని.

దేముడి చెయ్యి అలవాటుగా జేబులోని టేపు మీదకి పోయింది. అప్పుడే నర్సమ్మ కళ్లలో నీళ్లు కనిపించాయి. ప్రాణం చివుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కుదరదమ్మగారూ. ఇది యునీకు. మా ఇంటిదానికొక్కదానికే."

నర్సమ్మ కళ్లు తుడుచుకుని, అందరూ చూస్తుండగానే మొగుడి పక్కన వచ్చి నిలబడింది.

పండగ వెళ్లగానే వర్క్‌షాపులో నైట్ డ్యూటీ పడింది, దేముడొక్కడికే.