ఈత వచ్చునని ముప్ఫై ఎనిమిది సంతకాలు

కిందటి ఆగస్టు పదకొండో తేదీ సాయంత్రం నాలుగున్నరకు మా ఊరి కాలువలో ఒక చెప్పు పోయింది. నీలం రంగు రబ్బరు చెప్పు, ఎడమ కాలిది, కొని మూడు రోజులైంది. దాన్ని అందుకోవడానికి దిగిన గిరీష్ కూడా పోయాడు. వాడు నా ఏడో తరగతి విద్యార్థి. మూడో బెంచీలో కిటికీ వైపు కూర్చునేవాడు.

సంఘటనపై సమావేశమైన పెద్దలు చెప్పు విషయంలో త్వరగానే ఏకాభిప్రాయానికి వచ్చారు. వదులు చెప్పులు ప్రమాదకరమని, కాలువ గట్టు మీద పిల్లలు బూట్లు వేసుకుని తిరగాలని తీర్మానించారు. బూట్లు నీళ్లలో పడితే ఏం చేయాలన్న ప్రశ్న రాలేదు. వచ్చి ఉంటే దానికీ ఒక తీర్మానం జరిగి ఉండేది.

విషాదం వృథా కాకూడదన్న పట్టుదలతో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రముఖులు కలిసి ‘త్రినగర బాలల ఈత వికాస సమితి’ని స్థాపించారు. అధ్యక్షులు దశరథరామయ్య గారు, తెనాలిలో రైసు మిల్లు ఉన్నవారు. ఆయనకు సైనస్. యాభై ఏళ్లుగా తలస్నానం కూడా చెంబుతో, ఎంతో ఆలోచించి చేస్తారు. నీటి పట్ల అంత గౌరవం ఉన్న మనిషి మరొకరు దొరకలేదు. కార్యదర్శి రవిశంకర్ గారికి రేపల్లెలో ట్యూషన్ సెంటరు ఉంది. ఏ విషయాన్నైనా నలభై రోజుల్లో, నాలుగు ఆప్షన్లతో నేర్పగలరని పేరు.

మా ఊరు తెనాలికీ రేపల్లెకీ మధ్య ఉంది. చెప్పు పోయింది మా ఊళ్లోనే కాబట్టి మొదటి బ్యాచ్ మాకే ఇచ్చారు. శిక్షకురాలిగా నన్ను నియమించారు. నేను చెప్పేది తెలుగు. నాకు ఈత రాదని కాగితం రాసి ఇచ్చాను. ‘రానివాళ్లకే నేర్చుకునేవాళ్ల కష్టం తెలుస్తుంది’ అని కార్యదర్శి గారు జవాబు పంపారు. పైగా నా చేతిరాత బాగుంటుందట. సర్టిఫికెట్లు రాయడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

నేను ఒప్పుకోవడానికి కారణం ఒక్కటే. గిరీష్ చెల్లెలు సుజనకు తొమ్మిదేళ్లు. వాళ్లిల్లు కాలువ గట్టునే. ఆ పిల్లకైనా ఈత రావాలని అనుకున్నాను.

పాఠాలు ఎక్కడ జరగాలన్న విషయం మీద సమితి మూడుసార్లు సమావేశమైంది. సముద్రం తమ దగ్గరే ఉంది కాబట్టి సూర్యలంకలో జరగాలని బాపట్ల వారు కోరారు. అలలు టైంటేబుల్‌కు లోబడవని తెనాలి వారు తోసిపుచ్చారు. కృష్ణానది తమ పక్కనే ఉందని రేపల్లె వారు గుర్తు చేశారు. అవతలి గట్టు అంత దూరాన ఉంటే చిన్నపిల్లలకు నిరుత్సాహం కలుగుతుందని బాపట్ల వారు అన్నారు. ఊరి మధ్య నుంచే కాలువలు పోతున్నాయి కాబట్టి తెనాలికి మించిన చోటు లేదని తెనాలి వారు చెప్పగా, ఆ నీళ్ల రంగు చూసిన మిగతా రెండూళ్ల వారూ ఒకేసారి మంచినీళ్లు అడిగి తాగారు. చివరకు ఎవరి మనసూ నొప్పించని పరిష్కారం దొరికింది. ముందు ఈత నేర్పుదాం, నీళ్ల సంగతి తర్వాత చూద్దాం.

తేదీలు కూడా అందుకు తగినట్టే కుదిరాయి. ఏప్రిల్ చివర సెలవులిస్తారు. ఏప్రిల్‌లోనే కాలువలు కట్టేస్తారు. మళ్లీ బడులు తెరిచాక, నారుమళ్ల వేళకు గాని నీళ్లు వదలరు. ఈ మధ్యకాలం నలభై రోజులు శిక్షణకు శ్రేష్ఠమని దశరథరామయ్య గారు ప్రారంభ సభలో ప్రకటించారు.

“కాలువలో చుక్క నీరు లేదు. అంటే ప్రమాదం సున్నా. ఇంత సురక్షితమైన ఈత శిక్షణ ఈ డెల్టాలో ఇంతకు ముందు జరిగిందా అని అడుగుతున్నాను.”

జరగలేదని అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఇక్కడ మా ఊరి రేవుల గురించి చెప్పాలి. రెండున్నాయి. ఎగువ రేవు ఊరివాళ్లది, దిగువ రేవు ఊరి బయట ఉండే పల్లెవాళ్లది. ఎక్కడా రాసి లేదు, బోర్డు లేదు. అయినా ఎవరూ పొరపాటు పడరు. ఇళ్లలో బాత్‌రూములు వచ్చాక ఎగువ రేవు వాళ్లు ఈత మరిచిపోయారు. దిగువ రేవులో మాత్రం నడక రాని పిల్లలకు కూడా ఈత వస్తుంది. వాళ్లకు నేర్పేది జకరయ్య. లాకుల దగ్గర పని చేసి రిటైరైన మనిషి. ఆగస్టు పదకొండున గిరీష్‌ను బయటికి తీసింది కూడా ఆయనే. అప్పటికే ఇరవై నిమిషాలైంది. ఎగువ రేవులో ఉన్నవాళ్లు ఆ ఇరవై నిమిషాలూ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. రెండు వందల గజాల దూరంలో ఉన్న దిగువ రేవుకు కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

శిక్షణ సంగతి విని జకరయ్య నా దగ్గరికి వచ్చాడు.

“నలభై రోజులెందుకండి టీచరమ్మా? నీళ్లొచ్చాక మూడు రోజులు చాలు. వీపుకి ఖాళీ డబ్బా కట్టి దింపుతా. మొదటి రోజు భయం పోద్ది. రెండో రోజు కాళ్లు ఆడతయ్. మూడో రోజు పిలిచినా పైకి రారు.”

ఆయన పేరు సమితికి రాశాను. ఈత నేర్పగలిగినట్టు సర్టిఫికెట్ జతపరచమన్నారు. సర్టిఫికెట్ లేదు, ఇప్పటిదాకా నీళ్లలోంచి పాతికమందిని ప్రాణాలతో తీశాడని రాశాను. ఆ పాతికమంది సంతకాలూ ఆధార్ కాపీలూ కావాలన్నారు. సాంకేతిక కారణాల వల్ల దిగువ రేవు శిక్షణకు అనుకూలం కాదని కూడా అదే ఉత్తరంలో తెలిపారు. అయితే సమితి ఆయన సేవలను పూర్తిగా వదులుకోలేదు. పట్టాలు పరిచే పని అప్పగించింది.

పట్టాలంటే ధాన్యం ఆరబోసుకునే నీలం రంగు పట్టాలు. అధ్యక్షుల వారి మిల్లు నుంచి వచ్చాయి. బడి ఆవరణలో వరసగా పరిచి, అంచులకు ఇటుకలు పెట్టి, వాటినే జలాశయంగా భావించమని ఆదేశించారు. పిల్లలు బూట్లు విప్పి జలాశయంలో ప్రవేశించేవారు. నూగు అంటుకుని రెండో రోజుకే అందరికీ ఒళ్లంతా దురద పట్టింది. నీటి మార్పు వల్ల కొత్త ఈతగాళ్లకు ఇది సహజమని రవిశంకర్ గారు తల్లిదండ్రులకు వివరించారు.

అంతకు ముందు ప్రవేశ పరీక్ష జరిగింది. వయసునూ ప్రావీణ్యాన్నీ బట్టి పిల్లలను ఐదు స్థాయిలుగా విభజించాలి. బిందువు, ధార, ప్రవాహం, తరంగం, సాగరం. పేర్లు నేనే పెట్టాను. పరీక్షలో యాభై బిట్లు. ఒక బిట్టు ఇది: నీటిలో పడిన బాలుడు మొదట ఏం చేయాలి? ఎ) ధైర్యంగా ఉండాలి. బి) పెద్దల సలహా తీసుకోవాలి. సి) సమితికి తెలియజేయాలి. డి) పైవన్నీ.

జకరయ్య మనవరాలు కరుణకు పన్నెండేళ్లు. కాలువ నిండుగా పారుతున్నప్పుడు ఈ గట్టున దూకి ఆ గట్టున తేలి, జడ పిండుకుని మళ్లీ వెనక్కి వచ్చే పిల్ల. ఆప్షన్లు నాలుగూ వదిలేసి పక్కన ‘కాళ్లు ఆడించాలి’ అని రాసింది. సున్నా వచ్చింది. బిందువు స్థాయిలో, ఐదేళ్ల పిల్లల మధ్య కూర్చోబెట్టారు. నలభై రోజులూ వాళ్ల ముక్కులు తుడిచింది. యాభైకి యాభై తెచ్చుకున్న హాసిని నేరుగా సాగరంలో చేరింది. హాసినికి ఒంటి మీద నీళ్లు పోసుకోవాలంటే ఇప్పటికీ వాళ్లమ్మ కావాలి.

సుజనకు ప్రవాహం వచ్చింది.

బిందువు పిల్లలు పట్టా మీద బోర్లా పడుకుని చేతులు ఆడించడం నేర్చుకున్నారు. ధార వాళ్లు చేతులూ కాళ్లూ ఆడించారు. ప్రవాహం వాళ్లు ఆడిస్తూ ఊపిరి పీల్చారు. నీళ్లెప్పుడని నేను అడిగినప్పుడల్లా పై స్థాయిలో ఉంటాయని చెప్పారు. ప్రతి స్థాయిలోనూ అదే చెప్పారు. నిజంగానే సాగరంలో నీళ్లున్నాయి. ఒక స్టీలు బేసిన్‌లో వాటర్ టిన్ను వంచి, తల్లిదండ్రుల అంగీకార పత్రం తీసుకుని, నర్సును పక్కన నిలబెట్టి, పిల్లల ముఖాలు ఒక్కొక్కటిగా ఐదు సెకన్లు ముంచారు. హాసిని ఏడు సెకన్లు ఉంచింది. ఈ ఘనతకు ప్రత్యేక బహుమతి ప్రకటించారు.

ఒకసారి కరుణ లేచి నిలబడింది.

“టీచర్ గారండీ, నీళ్లలో అయితే ఇట్టా పొట్ట ఆనదండి. కింద ఏం ఉండదు.”

పరిశీలనకు వచ్చిన రవిశంకర్ గారు చిరునవ్వు నవ్వారు.

“నీది బిందువు కదమ్మా. అవన్నీ సాగరంలో చెప్తారు. కూర్చో.”

ముగింపు రోజున రాత పరీక్ష, మౌఖిక పరీక్ష జరిగి, ముప్ఫై ఎనిమిది మందీ ఉత్తీర్ణులయ్యారు. కరుణ మాత్రం ‘ఇంకా కృషి అవసరం’ అన్న వ్యాఖ్యతో గట్టెక్కింది. ఈత కళ్లద్దాలు ఒక్క జతే రావడంతో ఫొటో కోసం అందరూ వంతులవారీగా పెట్టుకున్నారు. ఫ్లెక్సీలో చూస్తే ముప్ఫై ఎనిమిది మంది ఒకే మనిషిలా ఉన్నారు. ఆ ఫ్లెక్సీ రేపల్లె బస్టాండు ఎదురుగా ఇప్పటికీ ఉంది.

సర్టిఫికెట్లు నేను రాశాను. ‘ఈ విద్యార్థికి ఈత వచ్చునని ధ్రువీకరించడమైనది’ అన్న వాక్యం ముందే అచ్చయి ఉంది. పేరు, స్థాయి రాసి కింద సంతకం పెట్టాలి. పెట్టాను. ఒక్కటి కూడా వంకర పోలేదు.

జూలై మొదటి వారంలో కాలువకు నీళ్లొచ్చాయి. ఎగువ రేవులో సభ జరిగింది. కొబ్బరికాయ కొట్టారు, పూలు చల్లారు. ఈతలో ఉత్తీర్ణులైన పిల్లలు నీళ్ల దగ్గరికి పోకుండా తాడు కట్టారు. అధ్యక్షులు ప్రసంగించారు.

“నేటి బాలలే రేపటి ఈతగాళ్లు. నీళ్లు వచ్చేశాయి కాబట్టి శిక్షణ దిగ్విజయంగా ముగిసింది.”

వారం తర్వాత బడి నుంచి వస్తుంటే ఎగువ రేవు ఆఖరి మెట్టు మీద సుజన కనిపించింది. ఒక్కతే కూర్చుని బిందె తోముతోంది. నీళ్లు మోకాళ్లను తాకుతున్నాయి.

“ఎవరు పంపారమ్మా?”

“అమ్మే టీచర్. నాకు ఈత వచ్చుగా.”

చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాను. వాళ్లమ్మ నిర్మల కుర్చీ వేసింది. గోడకు గిరీష్ ఫొటో ఉంది. దాని కిందే నా చేతిరాత, ఫ్రేము కట్టించి ఉంది.

“ఏడాది నుంచి దీన్ని వాకిలి దాటనివ్వలేదండి టీచర్ గారూ,” అంది నిర్మల. “రాత్రిళ్లు కూడా జడ పట్టుకునే పడుకున్నా. మీరు సంతకం పెట్టారుగా, ఇప్పుడు కొంచెం నిద్ర పడుతోంది. పిల్లోడికి కూడా ముందే ఇట్టాంటిది ఒకటి పెట్టి ఉంటే బాగుండేదండి.”

టీ ఇచ్చింది. తాగి వచ్చాను.

ఆ రాత్రి ముప్ఫై ఎనిమిది ఉత్తరాలు రాశాను. మీ పిల్లలకు ఈత రాదు, నా సంతకం తప్పు, నీళ్ల దగ్గరికి పంపకండి, జకరయ్య గారి దగ్గర నేర్పించండి అని. కరుణ ఇంటికి రాసింది మాత్రం వేరు. మీ పాపకు ఈత వచ్చు, రానట్టు రాసినందుకు క్షమించండి అని. అది చదివించుకుని జకరయ్య చాలాసేపు నవ్వాడు.

“తెలీక ఇన్నాళ్లూ ఈదేస్తందండి పాపం.”

మిగతా ఇళ్ల నుంచి జవాబులు వచ్చాయి. సర్టిఫికెట్ తిరిగి ఇచ్చినవారు ఎవరూ లేరు. తొమ్మిది మంది లామినేషన్ చేయించడానికి ఇంకో కాపీ అడిగారు. ఈత రాకపోయినా ర్యాంకు ఉంటుందా అని హాసిని నాన్నగారు ఫోన్ చేశారు. పేరు చెప్పని ఒకాయన, దిగువ రేవుకు పంపమనడంలో నా ఉద్దేశం ఏమిటని ఊరి వాట్సాప్ గ్రూపులో అడిగారు. దానికి నలభై బొటనవేళ్లు వచ్చాయి. లెక్కపెట్టాను. అందులో మా స్టాఫ్‌రూమువి నాలుగు. సమితి నుంచి కూడా ఉత్తరం వచ్చింది. ఉత్తమ ఈత శిక్షకురాలి పురస్కారానికి నన్ను ఎంపిక చేశారట. సన్మానం బాపట్లలో.

రోజూ సాయంత్రం ఎగువ రేవు మెట్ల మీద కూర్చుంటున్నాను. సుజన బిందె కడుక్కుని ఇల్లు చేరేదాకా ఉంటాను. కాలు జారితే నేను చేయగలిగింది అరవడం. ఆ పని ఈ రేవులో ఇదివరకే బాగా జరిగింది. ఈసారి దిగువ వైపు తిరిగి అరవాలని అనుకున్నాను.

అక్కడి నుంచి జకరయ్య చెయ్యి ఊపి కేకేస్తాడు.

“ఆ పిల్లని పంపండి టీచరమ్మా. డబ్బా కట్టి పెట్టా. వాళ్లమ్మ ఒక్క మాటంటే చాలు.”

ఆ మాట అడగాలంటే ముందు ఉత్తరం ఇవ్వాలి. ముప్ఫై ఏడు ఇచ్చాను. నిర్మలకు ఇవ్వాల్సింది ఇంకా నా సంచిలోనే ఉంది.