మా కంపెనీలో కూర్చుంటే ఫౌల్

నిలబడటం ఒక వరం! మీరు నమ్మరని నాకు తెలుసు. ఈ ముక్కను మీరు ఏ కుర్చీలోనో మంచం మీదో కూర్చుని చదువుతుంటారు కాబట్టి నమ్మరు. ఒక్క పూట మా కంపెనీకి రండి. సాయంత్రానికి నమ్ముతారు. ఒకవేళ నమ్మకపోయినా వాదించే ఓపిక మిగలదు.

మాది షోలాపూర్‌లో స్పోర్ట్స్ బట్టలు కుట్టే కంపెనీ. పేరు చెప్పను, ఉద్యోగం కావాలి. నిన్నమొన్నటి దాకా అదే షెడ్డులో చద్దర్లు నేసేవాళ్ళు. ఇప్పుడు మగ్గాలు పోయి ట్రాక్‌సూట్లు వచ్చాయి. చద్దరు కప్పుకుని పడుకునేది, ట్రాక్‌సూట్ తొడుక్కుని పరుగెత్తేది. సరుకు మారితే మనుషులు మారొద్దా? అందుకే మా సేఠ్ కంపెనీలో స్పోర్ట్స్ కల్చర్ ప్రవేశపెట్టాడు.

ఏమిటా కల్చర్ అంటారా? మా దగ్గర వర్కర్లు లేరు, అందరూ ప్లేయర్లే. సూపర్‌వైజర్ లేడు, కెప్టెన్ ఉన్నాడు. మిల్లుల్లో భోంగా, అంటే సైరన్, మోగితే మా దగ్గర విజిల్ మోగుతుంది. ఆలస్యంగా వస్తే ఫౌల్. మాట్లాడితే ఫౌల్. బాత్రూంకి వెళ్ళాలంటే అరచేతులు రెండూ ఎత్తి టైమ్ అవుట్ అడగాలి. టీ విజిల్ కొట్టగానే ఉన్న ఒక్క బాత్రూం వైపు మా ఆడవాళ్ళు తీసే పరుగు చూడాలి! దేశానికి మెడల్స్ రావడం లేదని ఎవరైనా ఏడిస్తే, వాళ్ళు వెతకాల్సిన చోట వెతకలేదని నేనంటాను.

గోడ మీద పెద్ద అక్షరాలతో రెండు మాటలు రాయించాడు సేఠ్. ఒకటి, "మనమంతా ఒకే పరివారం." రెండోది, "ఆటగాడు మైదానంలో కూర్చోడు."

ఆ రెండో మాట మా చెకింగ్ టేబుల్‌కి రాజ్యాంగం. కుట్టిన ట్రాక్‌సూట్లకు వేలాడే దారాలు కత్తిరించి, కుట్టు చూసి, మడతపెట్టడం మా పని. పొద్దున టేబుల్ దగ్గర నిలబడితే సాయంత్రం దాకా అంతే. మిషన్ వాళ్ళకు స్టూళ్ళున్నాయి. నిలబడి పెడల్ తొక్కే మిషన్ ఇంకా కనిపెట్టలేదు కాబట్టి ఉన్నాయి. కనిపెట్టిన రోజు వాళ్ళకూ మా అదృష్టమే పడుతుంది.

ఎన్ని లాభాలో చూడండి! నిద్ర రాదు. నడవం కాబట్టి చెప్పులు అరగవు. సిటీ బస్సులో సీటు దొరకలేదని ఏడవం, మాకు ప్రాక్టీసు ఉంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు "అమ్మాయి ఎత్తు ఎంత?" అని అడిగితే పనిగట్టుకుని లేచి నిలబడక్కర్లేదు, కూర్చుంటే కదా లేవడానికి! నేను పాలిటెక్నిక్‌లో టెక్స్‌టైల్ డిప్లొమా చదివేటప్పుడు పని బల్ల ఎత్తు ఎంతుండాలి, కుర్చీ ఎలా ఉండాలి అని ఒక పాఠం ఉండేది. పరీక్షకు రాదులే అని వదిలేశాను. ఎంత ముందుచూపు!

మా టేబుల్‌కి పెద్ద రాజమ్మక్క. పాపం, ఇక్కడికి రాకముందు ఆమె బతుకంతా కూర్చునే గడిచిపోయింది. ఒళ్ళో చేట పెట్టుకుని, ఇంటి గుమ్మంలో బీడీలు చుట్టేది. ఇప్పుడు నిలబడి నిలబడి ఆమె మోకాళ్ళు సాయంత్రానికి గుమ్మడికాయల్లా తయారవుతున్నాయి. అభివృద్ధి అంటే అదే కదా!

ఇంత హాయిగా సాగుతుంటే ద్రౌపది ఒక చిక్కు తెచ్చింది. నా పక్కన నిలబడే పిల్ల. ఏడో నెల. మధ్యాహ్నమయ్యేసరికి కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు, ఒకసారి కళ్ళు తిరిగి టేబుల్ పట్టుకుని ఆగింది. మానేద్దామంటే పెనిమిటి పనిచేసే కార్ఖానా మూతపడింది, ఇంట్లో ఈమె పనొక్కటే. అందుకని కెప్టెన్ దగ్గరికి వెళ్ళింది. కెప్టెన్ అంటే మా అంబాదాస్. కొంతం చౌక్ వెనక ద్రౌపది వాళ్ళ గల్లీలోనే ఉంటాడు, వరసకు మేనమామ.

"మామా, ఒక ఇస్టూల్ ఇప్పియ్యవే. నిలవడ శాతనైతలేదు."

"ఈడ మామ గీమ లేడు. కెప్టెన్ను."

"సరే, కెప్టెన్ మామా. ఇస్టూల్ ఇప్పియ్యు."

"గోడ మీద ఏం రాసిండ్రు? సదువు."

"నీకు రానిది నాకొస్తదా? పక్కపొంటి ఇంకోటి రాసిండ్రు, పరివార్ అని. అదేంది మరి?"

అంబాదాస్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. జవాబు దొరకనప్పుడు ఆయన ఊదుతాడు.

ఆయన చెడ్డవాడని అనుకోకండి. సేఠ్ దగ్గరికి వెళ్ళి అడిగాడట కూడా. సేఠ్ శనివారం మమ్మల్నందర్నీ పోగుచేసి కళ్ళు చెమర్చేలా మాట్లాడాడు. మీరంతా నా బిడ్డలు, నేను ఈ ఇంటికి పెద్దను, ఇంట్లో మనుషులు అది కావాలి ఇది కావాలి అని అడుగుతారా, సర్దుకుంటారు కదా అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. నిలబడే కొట్టాం.

రాజమ్మక్క మాత్రం కొట్టలేదు. ఆలోచిస్తోంది.

"ఏమే, సేఠ్ ఇంటి పెద్దంటున్నడు గద?"

"అన్నడు అక్కా" అన్నాను.

"మనం ఇంటోళ్ళం. అంటే ద్రౌపది ఈ ఇంటి కోడలు. మరి కోడలికి ఏడో నెల పడ్డంక ఇంట్ల డోహాళె చెయ్యరా? గింత పెద్ద ఇల్లాయె, సిగ్గుగాదు?"

మా షోలాపూర్ వాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతాను. కడుపుతో ఉన్న పిల్లను కూర్చోబెట్టి, పచ్చ గాజులు తొడిగి, ఒడి నింపే వేడుకను మరాఠీ వాళ్ళు డోహాళె అంటారు. మగ్గాల పనికి వలసొచ్చిన తెలుగువాళ్ళం, తరాలుగా వాళ్ళ పక్కనే ఉంటున్నాం కాబట్టి మేమూ అలాగే అంటాం. అందులో రెండు పట్టింపులున్నాయి. పిల్లను ఇంట్లో ఉన్నవాటిలో మంచి ఆసనం మీద కూర్చోబెట్టాలి. హారతి అయ్యేదాకా ఆ పిల్ల లేవకూడదు.

సోమవారం రాజమ్మక్క కుంకుమ భరిణె పట్టుకుని సేఠ్ కేబిన్‌లోకి వెళ్ళి పద్ధతిగా పిలిచింది. సేఠ్ కూడా మాలాగే పద్మశాలి బిడ్డే. కుంకుమ పట్టుకుని వచ్చిన ముత్తయిదువను కాదనగలడా? మహా సంతోషం, భోజనాల టైంలో చేసుకోండి అన్నాడు.

"మరి మంచి కుర్సీ గావాలె సేఠ్" అంది రాజమ్మక్క. కేబిన్‌లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో సేఠ్ ఉన్నాడు. పూణే నుంచి తెప్పించిన గుండ్రంగా తిరిగే కుర్చీ. ఆయన లేచాడు. ఇంటి పెద్ద కదా!

ఆ కుర్చీని చెకింగ్ టేబుల్ దగ్గరికి తోసుకొచ్చాం. ద్రౌపది కూర్చుంది. ఒక్కసారి కళ్ళు మూసుకుని, నడుము వెనక్కి వాల్చి "అబ్బ" అంది. ఆ ఒక్క మాటకు మా టేబులంతా టిఫిన్ డబ్బాలు మూసి ఆమె చుట్టూ చేరింది.

గాజులు తొడిగాం, ఒడి నింపాం, బొట్లు పెట్టాం. భోజనాల టైం అయిపోయింది. హారతి కాలేదు. అంబాదాస్ విజిల్ ఊదాడు.

"ఏందిరా అంబాదాస్, కడుపుతోనున్న పిల్ల ముందట సీటీ కొడ్తవా?" అంది రాజమ్మక్క. "పుట్టేటోడు కండక్టర్ అయితడు."

"అక్కా, పని ఆగిపాయె. లెవ్వుమను."

"హారతిగాక లేస్తె దోషం. నువ్వు మేనమామవు, నీకే తగుల్తది. పని ఆమె ఒళ్ళెకే తెస్తం తియ్యి."

తెచ్చాం. ద్రౌపది సేఠ్ కుర్చీలో కూర్చుని దారాలు కత్తిరించింది. హారతి పళ్ళెం సాయంత్రం విజిల్‌కి గానీ వెలగలేదు. అగ్గిపెట్టె కనబడలేదు, ఏం చేస్తాం? బీడీలు చుట్టిన మనిషికి అగ్గిపెట్టె కనబడదా అని అడక్కండి.

మర్నాడు సేఠ్ కుర్చీ కోసం మనిషిని పంపితే రాజమ్మక్క ఆశ్చర్యపోయింది. "నిన్నటిది మా టేబులోళ్ళది గద! ఇయ్యాల ద్రౌపదికి కటింగోళ్ళు చేస్తున్నరు. రేపు బటన్లోళ్ళు. అందరొక్కటే పరివార్ అయితే ఎవరి ముచ్చట ఆళ్ళు తీర్సుకోరా?"

ఆ తర్వాత ఇస్త్రీ వాళ్ళు చేశారు. ప్యాకింగ్ వాళ్ళు చేశారు. సేఠ్ కేబిన్‌లో నిలబడి ఫోన్లు మాట్లాడాడు. నిలబడి టీ తాగాడు. నిలబడి సంతకాలు పెట్టాడు. ఆటగాడు మైదానంలో కూర్చోడు! శుక్రవారం నాటికి ఆయన ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని కిటికీలోంచి మా వైపు చూస్తూ కనిపించాడు. శనివారం ఉపన్యాసం లేదు. అంబాదాస్ బజారుకెళ్ళి కొత్త చెక్క స్టూల్ తెచ్చి, మాట్లాడకుండా ద్రౌపది వెనక పెట్టాడు. కుర్చీ కేబిన్‌కి వెళ్ళిపోయింది.

మా సేఠ్ ఎంత గొప్పవాడంటే అక్కడితో ఆగలేదు. స్టూల్ మీద ద్రౌపదిని ఫోటో తీయించి ఆఫీసులో తగిలించాడు, బొంబాయి నుంచి సరుకు కొనడానికి వచ్చే పార్టీలకు చూపించడానికి. పక్కనే రూలు కూడా పెట్టాడు. చెకింగ్ టేబుల్ దగ్గర ఏడో నెల పడిన ప్లేయర్లకు ఇకమీదట స్టూల్ సౌకర్యం. మిగతావాళ్ళు యథాప్రకారం.

రాజమ్మక్క ఆ రూలు నాతో చదివించుకుని అంబాదాస్‌ని అడిగింది. "మరి నా మోకాళ్ళకు ఎన్నో నెలరా?"

ఆయన విజిల్ ఊదాడు.

కాబట్టి పాఠకులారా, మా కంపెనీలో కూర్చోకూడదని ఎవరన్నారు? దారి ఉంది. కాస్త పొడుగ్గా ఉంది, అంతే. నా సంగతే తీసుకోండి. నాకింకా పెళ్ళి కాలేదు. ముందు సంబంధం కుదరాలి, తర్వాత లగ్గం, ఆ తర్వాత దేవుడి దయ. ఇన్నాళ్ళూ ఏ సంబంధం వచ్చినా వంక పెట్టేదాన్ని. మొన్న ఒకటి వస్తే, అబ్బాయిని చూడకుండానే సరేనన్నాను. మా అమ్మ నమ్మలేక చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏం జూసి ఒప్పుకున్నవే?"

"నా కాళ్ళు జూసుకొని" అన్నాను.