శ్వేతశకట శీతలోద్ధరణము

వైశాఖ మార్తాండుడు తన ప్రచండ కిరణములను తాపీ తీరమున కుమ్మరించుచుండగా, రోడ్ల మీది తారు మెత్తబడి బాటసారుల చెప్పులను పట్టి లాగుచుండగా, వీధికుక్కలు మురుగుకాలువలనే మందాకినీ ప్రవాహములుగా భావించి అందు శయనించియుండగా, సూరత్ మహానగర దక్షిణాంచలమున, అహోరాత్రములు మరమగ్గముల ఘోషతో దద్దరిల్లు భేస్తాన్ అను పేటలో, సోమలింగమను వీరుడొకడు తన కారు ఎదుట నిలిచి మెడ మీది చెమట తుడుచుకొనుచుండెను.

సిరిసిల్ల నుండి తండ్రి కాలమున వలస వచ్చిన నేతకుటుంబము వానిది. సాంచెల, అనగా మరమగ్గముల, కార్ఖానాలో మేస్త్రీ. తెగిన పోగును కన్నులు మూసుకొని అతుకగల హస్తలాఘవ ధురంధరుడు. యజమాని కేకలకు గాని, మగ్గముల ఘోషకు గాని చలింపని ఆ ధీరుని గడగడలాడించు శత్రువు భూతలమున ఒక్కటే కలదు. అది వాని కారులోని ఏసీ.

ఆ శ్వేతశకటము అనేక యజమానుల సేవించి, అనేక గోడల స్పృశించి, చివరి దశలో సోమలింగమును చేరినది. ఏసీ మీట తిప్పినచో ప్రళయకాల ఝంఝామారుతము వలె గర్జించును. కాని ఆ గర్జన వెనుక వచ్చు గాలి, సాసరులోని టీని ఊదుకొను ముదుసలి నిశ్వాసము వలె మందముగా, వెచ్చగా, ఏలకుల వాసన మాత్రము లేక ముఖమునకు తగులును.

ఈ దౌర్బల్యము వలననే సంసార సామ్రాజ్యమున సంక్షోభము పుట్టెను. గత మాసమున సలాబత్‌పురాలో ఒక గృహప్రవేశమునకు వెళ్లినపుడు, సోమలింగ హృదయేశ్వరియు, కోపమున కాళికాసదృశయు అగు ఐలమ్మ, పట్టుచీర వీపునకు అంటుకొనగా, పౌడరు చారలు కట్టగా కారు దిగెను. ఆమె చెల్లెలు విజయశ్రీ నిండు సభలో, బోరింగు కాడ నీళ్లు పోసుకొని వచ్చితివా అక్కా అని అడిగెను. సభ నవ్వెను. ఐలమ్మ నవ్వలేదు. ఇంటికి వచ్చి, కడవెడు నీళ్లు నెత్తిన కుమ్మరించుకొని, తడి జుట్టుతోనే శపథము చేసెను.

“ఆ డబ్బల నేనిగ కూసోను. కామ్‌రేజ్‌ల మా అన్న బిడ్డ పెండ్లికి మల్లేష్ కారుల పోత. నువ్వు నీ డబ్బల రా.”

మల్లేష్ అనగా విజయశ్రీ భర్త, సోమలింగమునకు సడ్డకుడు, నూతన శకటాధిపతి. వాని కారులో వెనుక సీటు వారికి కూడ వేరే గాలిగొట్టములు కలవని బంధువర్గమున ప్రతీతి. ఆ మహానుభావుడు మరునాడే వచ్చి, తాళపుచెవిని వేలికి చక్రాయుధము వలె త్రిప్పుచు, వదినను ఎండలో తిప్పలు పెట్టవద్దనియు, తమ బండిలో జాగా ఉన్నదనియు మిక్కిలి మర్యాదగా పలికెను. తిట్టినచో సోమలింగము సహించెడివాడు. మర్యాదను సహింపలేకపోయెను. పెండ్లికి పోవు దారిలో ప్రక్కసీటు ఖాళీగా ఉండగా, ముందు పోవు మల్లేష్ కారు అద్దములో తన భార్య తల వెనుకభాగమును చూచుచు తానొక్కడే నడుపు దృశ్యము వాని మనోఫలకమున మెరసెను.

“జర ఆగు తమ్మీ,” అనెను ఆ వీరుడు. “మీ వదిన నా బండిలనే వస్తది. సల్లగ వస్తది.”

అంతట మొదటి దండయాత్ర ప్రారంభమయ్యెను. ఉధ్నాలోని ఒక గ్యారేజీలో గ్యాసు నింపించెను. ప్రాతఃకాలమున గాలి చల్లగానే వచ్చెను. సోమలింగము ఈల వేయుచు బయలుదేరెను. సూర్యుడు నడినెత్తికి చేరి, కారు సిగ్నలు వద్ద నిలువగానే, అదే ముదుసలి, అదే టీ. తిరిగి వెళ్లి అడుగగా గ్యారేజీవాడు, “పురానీ గాడీ హై కాకా, ఇత్నా హీ ఆయేగా,” అని, పాత బండికి ఇంతకు మించి రాదని చెప్పి, తన భోజనపు డబ్బా మూత తెరచెను. పరాజితుడైన వీరుడు అద్దములు దించుకొని ఇల్లు చేరెను.

పెండ్లికి ముందుదినము కార్ఖానాకు సెలవు. సోమలింగము బనీనుతో నిలిచి, కార్ఖానా గోడనీడలో ఎప్పటి చోటనే ఉన్న కారు యొక్క బోనెట్ ఎత్తెను. పరాజయమును కన్నులార తిలకింపవలెనను కుతూహలముతో ఐలమ్మ కూడ వచ్చి, గట్టుపై కూర్చుండి వెల్లుల్లి ఒలుచుచుండెను.

రేడియేటరు ముందు జల్లెడ వంటి మరియొక జాలి ఉండును. ఏసీ గ్యాసు తన వేడిని విడుచునది అచ్చటనే. సోమలింగము వంగి చూడగా, జాలి కనబడలేదు. దాని స్థానమున బూడిదరంగు కంబళి వంటిది కనబడెను. గిల్లి చూచెను. అది పీచు. తాను జీవితమంతయు దులుపుకొనుచు, దగ్గుచు, కడుగుకొనుచు వచ్చిన సాంచెల పీచు.

ఐలమ్మ వెల్లుల్లి చేట ప్రక్కన పెట్టి లేచి వచ్చెను. జాలిని చూచెను. పిమ్మట తల ఎత్తి గోడను చూచెను.

“నీడ ఉన్నదని ఏండ్ల సంది గీడనే పెడ్తున్నవ్,” అనెను. “జర పైకి సూడు.”

పైన, కార్ఖానా లోపలి గాలిని బయటికి తోయు భారీ పంకా, పీచుగడ్డము వ్రేలాడుచు, సరిగా కారు మూతికి ఎదురుగా మౌనముద్రలో ఉండెను. ఆ పంకాను, పంకా పెట్టినవానిని నిందింపవచ్చును గాని, అది పెట్టించిన మేస్త్రీ సోమలింగమే. వాడు లోనికి పోయి బ్రష్షును, నీటిపైపును తెచ్చెను. ఐలమ్మ దెప్పలేదు, దెప్పకపోవుట ఆమె చరిత్రలో అపూర్వ ఘట్టము.

అటుపిమ్మట జరిగిన సంగ్రామమును వర్ణింపగలవారెవరు? బ్రష్షు ఖడ్గముగా, నీటిపైపు వారుణాస్త్రముగా సోమలింగము శత్రుదుర్గముపై విరుచుకుపడెను. కాని ఆ జాలి రేకులు తమలపాకుల వలె పలుచన. గట్టిగా తగిలిన వంగిపోవును. కావున ఆ మహాయోధుడు పసిబిడ్డ చెవి కడుగునంత మృదువుగా యుద్ధము చేయవలసి వచ్చెను. వంగిన రేకులను పోగులు లాగు కొక్కెముతో ఒక్కొక్కటిగా నిలబెట్టెను. అంతలో పీచుగుహ నుండి తద్గృహస్థురాలగు బల్లి యొకటి వెలువడి వాని చేతిమీదుగా పరుగిడగా, వీరుడు ఎగిరి బోనెట్‌కు తల కొట్టుకొనెను. ఇదియే ఆ యుద్ధమున పారిన ఏకైక రక్తబిందువు.

ఐలమ్మ పసుపు అద్దెను. అద్దుచు నవ్వెను. ఆ పిమ్మట ఎవరును పిలువకయే కొంగు నడుమునకు చెక్కి, డ్యాష్‌బోర్డు అర ఊడదీసి, లోపలి గాలి ఫిల్టరును ఈడ్చి, ఎలుక తోకను పట్టినట్లు రెండు వేళ్లతో పట్టి చెత్తకుండీకి మోసికొని పోయెను.

పెండ్లి దినము. మధ్యాహ్నము. ఐలమ్మ పట్టుచీరతో వచ్చి, మల్లేష్ కారు తమ వెనుకనే రావలెననియు, ఉధ్నా సిగ్నలు వద్ద ఒక్క చెమటచుక్క పుట్టినను తాను దిగిపోవుదుననియు నిబంధన పెట్టి కూర్చుండెను. సిగ్నలు ఎర్రనయ్యెను. కారు నిలిచెను. సోమలింగము ఓరకంట ఐలమ్మ నుదుటిని చూచెను. ప్రక్కన రిక్షావాడు తువ్వాలు పిండుకొనుచుండెను. వెనుక మల్లేష్ హారను కొట్టెను. గాలి చల్లగానే వచ్చుచుండెను. దీపము పచ్చనయ్యెను. ఐలమ్మ దిగలేదు.

కామ్‌రేజ్ సమీపించుచుండగా ఆమె చేతులు ముడుచుకొనెను. కొంత తడవునకు కొంగును భుజముల చుట్టును కప్పుకొనెను. అటుపిమ్మట, కిటికీ వైపు ముఖము త్రిప్పుకొని, వినిపించీ వినిపించనట్లు పలికెను.

“జర తగ్గియ్యి. సలి పెడ్తుంది.”

సోమలింగము పరమానందమున మీట తిప్పగా, ఆ మీట ఊడి వాని చేతిలోనికి వచ్చెను. గాలి తగ్గలేదు. ఇద్దరును మీటను చూచిరి. ఒకరినొకరు చూచుకొనిరి. ఎవరును అద్దము దించలేదు.

ఓ సూరత్ పురజనులారా, వినుడు! లక్షలాది ప్రాణులు చెమటోడ్చిన ఆ వైశాఖ మధ్యాహ్నమున, నగరమంతటిలోను పండ్లు టకటకలాడ చలికి వణకినది ఒక్క ఐలమ్మ మాత్రమే. కల్యాణ మండప ద్వారమున కారు దిగి, ముక్కు ఎగబీల్చి, వెనుక కారు దిగి వచ్చిన చెల్లెలిని చూచి, ముందు వేడివేడి చాయ్ ఏదని అడిగెను.