రాజశేఖర్ సార్ నడుం నొప్పి, ఎర్రగ్రహం యుద్ధం

నంద్యాలలో సోషల్ పాఠాలు చెప్పే రాజశేఖర్ సార్‌కు ఫోన్‌లో తాను ఆడే అంతరిక్ష యుద్ధం మీద చెడ్డ కోపం. అది యుద్ధంలా లేదని.

"మూడు వేల ఓడలంట సువార్తా! ఒక్కదానికీ డీజిల్ పొయ్యరు. సిపాయిలు ఆరేండ్లుగా కొట్లాడతాండారు, ఒక్కడూ అన్నం తినడు. ఇదేం యుద్ధం?"

"వాళ్ల వంతు కూడా నువ్వే తింటాండావు గదా," అంది భార్య సువార్తమ్మ, నాలుగో జొన్న రొట్టె వేస్తూ.

ఆట ఆడేవాళ్ల వాట్సాప్ గ్రూపులో సార్ రోజుకో వ్యాసం పెట్టేవాడు. దండు కంటే ముందు సరుకు కదలాలి, తిండి అందని సైన్యం గెలవదు అని. విసిగిపోయినవాళ్లు షరతు పెట్టారు. రెండో శనివారం పదింటికి ఎర్రగ్రహం మీద దాడి, మూడు గంటల యుద్ధం. సేనాపతి ఆయనే, పద్ధతులు ఆయనవే. గెలిస్తే ఆయన మాటే వేదం. ఓడితే గ్రూపులో మళ్లీ నోరెత్తకూడదు. నోరెత్తకుండా ఉండటం సార్ వల్ల అయ్యే పని కాదు. కాబట్టి గెలిచి తీరాలి.

చిక్కల్లా ఒకటే. అదే రోజు పదకొండున్నరకు ఆళ్లగడ్డలో బామ్మర్ది కరుణాకర్ కొత్తింట్లో కృతజ్ఞత కూడిక. ప్రార్థన, ఆపైన బిర్యానీ. వెళ్లకపోతే బామ్మర్ది ఊరుకుంటాడేమో గానీ, వాళ్లక్క ఊరుకోదు.

శనివారం పొద్దున సార్ మంచం దిగలేదు.

"ఏందీ, ఇంకా లేయలేదు?"

"నడుం పట్టేసింది. కదిలితే పానం పోతాంది."

"అయ్యో! నేనూ ఉండిపోనా?"

"వద్దొద్దు! నీ తమ్ముని ఇల్లు, నువ్వు పోకుంటే ఏం బాగుంటాది?"

ఆ కంగారులో ఫోన్ జారి కింద పడింది. సార్ ఠక్కున వంగి, తీసుకుని, తుడిచి, పడుకుని మళ్లీ మూలిగాడు. సువార్తమ్మ ఒకసారి ఆయన నడుం వైపు చూసింది. తన ఫోన్‌లో ఎవరికో రెండు ముక్కలు పంపి, తలుపు దగ్గరగా వేసి, బస్సుకు వెళ్లిపోయింది.

పదింటికి ఓడలు బయలుదేరాయి. ముందు సరుకు ఓడలు, వెనక యుద్ధ ఓడలు. సగం దారిలో ఇంధనం పోయించాలి, అందుకు సేనాపతి ఫోన్ మీద వేలితో నొక్కాలి. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని సంఘ పెద్ద యేసురత్నం, వెనక మరియమ్మ, ఇంకో నలుగురు వచ్చారు.

"కదలొద్దు సార్! సువార్తమ్మ సంఘం గ్రూపులో పెట్టింది, మీకు నడుం పడిపోయిందని. ఆళ్లగడ్డకు పోతా పోతా ప్రార్థన చేసి పోదామని వస్తిమి. కండ్లు మూసుకోండి."

యేసురత్నం తొందరగా ముగించే మనిషి కాడు. నడుముతో మొదలుపెట్టి మోకాళ్లు, బడిపిల్లలు, వానలు, జిల్లా అధికారుల దాకా వచ్చాడు. దుప్పటి కింద ఫోన్ ఒకటే కుయ్యోమంటోంది, ఓడల్లో ఇంధనం అయిపోతోందని. చెయ్యి చాపితే గుట్టు రట్టు, చాపకపోతే గ్రహం గోవిందా.

"ఈ మోతకు నడుం యాడ తగ్గుతాది?" అని మరియమ్మ ఫోన్ లాగి, నోరు నొక్కేసి, తన సంచిలో వేసుకుంది.

ఆమెన్ అయ్యాక యేసురత్నం అడిగాడు. "ఇప్పుడెట్లుంది సార్?"

తగ్గలేదంటే ఇంకో ప్రార్థన. తగ్గిందంటే ఫోన్ చేతికొస్తుంది, వీళ్లు వెళ్లిపోతారు.

"పూర్తిగా తగ్గిందన్నా!" అని సార్ ఎగిరి కూర్చున్నాడు.

"స్తోత్రం! అయితే బండెక్కండి."

శిరివెళ్ల దాటాక గానీ మరియమ్మ ఫోన్ ఇవ్వలేదు. మూడు వేల ఓడలూ ఇంధనం లేక నడిమధ్య ఆగి, అప్పటికే శత్రువుకు చిక్కాయి. గ్రూపులో ఒకే ముక్క ఉంది. 'సేనాపతి గారూ, ఇంక మౌనం.' సార్‌కు నిజంగా ఏడుపొచ్చింది.

ఆళ్లగడ్డలో ముందు వరస కుర్చీలో సువార్తమ్మ సంచి కూర్చుని ఉంది, ఆయన కోసం. ప్రార్థన కాగానే యేసురత్నం మైకందుకున్నాడు. "ఇప్పుడు రాజశేఖర్ సార్ స్వస్థత గురించి సాక్ష్యం చెప్తారు."

ఎనభై మంది తిరిగి చూశారు. అబద్ధం చెబుదామంటే దేవుడి భయం, నిజం చెబుదామంటే పెళ్లాం భయం.

"నాకిప్పుడు నడుం నొప్పి లేదు," అని సార్ కూర్చోబోయాడు.

"పొద్దున?" అంది సువార్తమ్మ, మైకు లేకుండానే అందరికీ వినబడేట్టు.

సగం కూర్చున్న సార్ మళ్లీ లేచాడు. "పొద్దున కూడా లేదు."

ఇల్లు ఎగిరిపోయేట్టు నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది యేసురత్నమే.

బిర్యానీ దగ్గర సార్ మెల్లగా అడిగాడు. "నీకెట్ల తెలిసె?"

"నడుం పట్టేసినోడు ఫోన్ కోసం అంత వంగుతాడా? దండు కంటే ముందు సరుకు పోవాలని రోజూ చెప్తివి గదా. నేను ముందు వస్తి, నిన్ను వెనక తెప్పిచ్చుకుంటి. తిండి కూడా పెట్టిస్తాండా. ఇప్పుడు చెప్పు, ఎవరిది యుద్ధం?"

"నీదే," అన్నాడు సార్, విస్తట్లోకి వంగి.