జయకృష్ణ సైకిలుకి పోతురాజు చక్రాలు

ఆ సోమవారం పొద్దున్న జయకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. చద్దన్నం తినాలి. క్యారేజీ సంచి హేండిలుకి తగిలించుకోవాలి. ఊళ్ళోంచి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ దాకా సైకిలు తొక్కుకుంటూ పోవాలి. దారిలో తనతో ఎవ్వరూ మాట్లాడకూడదు. అంతే. మనిషన్నవాడు ఇంతకన్నా తక్కువ కోరుకుంటే దేవుడికే అనుమానం వస్తుంది.

ఇంట్లో టీవీ మోగుతుంది, దాన్ని మించి ఆయన భార్య నాగమణి మోగుతుంది. ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టే మిషన్లు మోగుతాయి. ఆయన పని కాటా దగ్గర గుమస్తాగిరీ. పొద్దస్తమానం బస్తాలు తూయించి, ఆ మోతలో తూకం గొంతు చించుకుని చెప్పాలి. సాయంత్రానికి గొంతూ చెవులూ రెండూ చచ్చుబడి ఉంటాయి. ఈ రెండు గోలల మధ్య, జీడితోటల పక్కన సైకిలు మీద గడిచే ఆ కాసేపే ఆయనకి మిగిలిన బతుకు. ఆటో ఎక్కొచ్చు కదా అంటారు. ఆటోలో ఎంతమంది పడతారో అంతకు రెట్టింపు ఎక్కుతారు, ఎక్కినవాళ్ళందరూ మాట్లాడతారు.

ఊరు దాటాడో లేదో వెనక చక్రంలో "టింగు"మంది. స్పోకు తెగింది. నాలుగు తొక్కులు తొక్కేసరికి ఇంకోటి తెగింది. ఆ మీదట చక్రం వంకర తిరిగి, అటొకసారీ ఇటొకసారీ ఫోర్కుని రాసుకుంటూ, నావల్ల కాదు బాబోయ్ అని నిలబడిపోయింది. అందులో దాని తప్పేమీ లేదు. జయకృష్ణ భారీ మనిషి.

వెనకనుంచి స్కూటర్ హారన్ వినబడింది. ఆ హారన్ విని జయకృష్ణ ప్రాణం ఉసూరుమంది.

"ఎక్కు బావా ఎక్కు! ఇంకెన్నాళ్ళు ఆ సైకిలుతో సంసారం? ఎనకాల కూకుంటే కబుర్లాడుకుంటా ఎల్లిపోదుం" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

ఈ ఢిల్లీశ్వరరావుది అదే ఊరు, అదే ఫ్యాక్టరీ, ప్యాకింగులో సూపర్‌వైజరు. మనిషి తేలిక, నోరే బరువు. మంచివాడు కాదని ఎవరూ అనలేరు. అనడానికి ఆయన సందివ్వడు. తిత్లీ తుపానులో ఉద్దానంలోని ఆయన తోట గట్టు మీద పనస చెట్టు పడిపోయింది. వేళ్ళు ఈయన వైపు, కొమ్మలు పక్కవాడి వైపు. చెట్టు ఎప్పుడో పక్కవాడి పొయ్యిలో బూడిదైపోయింది. కేసు మాత్రం టెక్కలి కోర్టులో ఇంకా పచ్చగా ఉంది.

"మొన్న ఎక్కడిదాకా సెప్పినాను? లాయరు దగ్గరికొచ్చినామా? సర్లే, మొదట్నుంచీ సెప్తాను. నీకు బాగా అర్థమవుతాది" అన్నాడు ఢిల్లీశ్వరరావు, స్కూటర్ నెమ్మది చేసి.

ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగేసరికి జయకృష్ణకి ఒకటే నిశ్చయం కుదిరింది. ఆరునూరైనా సరే, జన్మలో విరగని చక్రాలు వేయించాలి.

కాశీబుగ్గలో బాప్టిస్టు చర్చి గోడవార సామ్యేలు సైకిలు షాపు. సామ్యేలు చక్రం చూసి నాలిక చప్పరించి, "బరువెంతుంటారు బాబూ?" అని అడిగాడు.

జయకృష్ణ అటూ ఇటూ చూశాడు. టీ తాగుతూ నలుగురు నిలబడి ఉన్నారు. "ఓ ఎనభై ఉంటాను" అన్నాడు.

ఎనభైకి తగ్గ కొత్త చక్రాలు సామ్యేలు బిగించాడు. అవి మెరిసిపోతూ నాలుగు రోజులు తిరిగి, రైల్వే గేటు దగ్గర పట్టాలు దాటుతుండగా టింగు టింగుమని ప్రాణం విడిచాయి. ఆ వెనకే హారన్ మోగింది. ఆ రోజు కథ వాయిదాల దాకా నడిచింది.

"నా సక్రాలు అబద్ధమాడవు బాబూ. ఇది ఎనభై కాదు. తూయించుకురండి, అప్పుడు మాటాడదుం" అన్నాడు సామ్యేలు.

ఊరందరి బస్తాలూ తూచే మనిషి తన బరువు చూసుకుని ఏళ్ళయింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకెళ్ళాక జయకృష్ణ దొంగలా కాటా ఎక్కాడు. హమాలీలకి కనబడాలని గోడకి తగిలించిన పెద్ద ఎర్రంకెల బోర్డు సంగతి ఆయనకి గుర్తు రాలేదు. దానికెదురుగా షెడ్డు కింద పిక్కలు వలిచే ఆడాళ్ళు క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. వాళ్ళలోంచి ప్రవల్లిక అనే పిల్ల గొంతెత్తి, "గుమస్తాగారూ! నూట పద్దెనిమిది కేజీల బస్తా ఏ ఊర్నించొచ్చిందండీ?" అంది. షెడ్డంతా గొల్లుమంది.

నిజం తెలిశాక సామ్యేలు ముఖం వెలిగిపోయింది. "అయితే మీకు మామూలు సరుకు పనికిరాదు. పోతురాజు సక్రాలున్నాయి" అంటూ షాపు వెనకనుంచి రెండు చక్రాలు దొర్లించుకొచ్చాడు.

పోతురాజు తీరం మీద పల్లెవాడు. ఇరవయ్యేళ్ళు సైకిలు మీద చేపల బుట్ట, ఐసు పెట్టె కట్టుకుని జయకృష్ణ వెళ్ళే దారిలోని ఊళ్ళన్నీ తిరిగాడు. ఈమధ్యే మోపెడ్ కొనుక్కుని సైకిలు సామ్యేలుకి ఇచ్చేశాడు. వేలెడు లావు స్పోకులు, డబుల్ రిమ్ము, రిక్షా టైర్లలాంటి టైర్లు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా పడవకి వేయగా మిగిలిన పసుప్పచ్చ రంగు వాటికి పూశాడు. ఆ రంగు కిలోమీటరు దూరాన్నుంచి కనిపిస్తుంది.

"ఈ వాసనేమిటి సామ్యేలూ?"

"సాప నూనె బాబూ. పోతురాజు బేరింగులకి గ్రీజెయ్యడు, ఇదే ఏత్తాడు. కడిగితే సక్రం పాడైపోద్ది. రెండొందల కేజీలు కూకోబెట్టండి, ఒక్క స్పోకు తెగితే నా పేరు సామ్యేలు కాదు. నాది గ్యారంటీ!"

జయకృష్ణకి కావలసింది గ్యారంటీ. వాసన నోరు విప్పి మాట్లాడదు కదా అనుకున్నాడు.

మర్నాడు ఫ్యాక్టరీకి పోతుంటే దారిలో మొదటి ఊరు వచ్చింది. పసుప్పచ్చ చక్రాలు మలుపు తిరగడం చూసి ఆడాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేశారు. "ఓ బాబూ! సాపల్లో కవళ్ళున్నాయేటి?" అని ఒకావిడ, "నెత్తళ్ళయితే నాకు ముందెయ్యి" అని ఇంకొకావిడ. ఆగకుండా పోదామంటే సన్యాసమ్మ అనే ముసలామె నేరుగా రోడ్డుకి అడ్డం నిలబడి, హేండిలుకున్న సంచిలో చెయ్యి పెట్టి క్యారేజీ మూత తీసింది.

"ఓలమ్మో, వంకాయ కూర! సాపలన్నీ పక్కూర్లోనే అమ్మీసినావేటి?"

"నేను చేపలమ్మను పెద్దమ్మా! ఫ్యాక్టరీలో ఉద్యోగం నాకు!"

సన్యాసమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. చక్రాలు చూసింది, వాసన చూసింది. "అయ్యో నాయనా, ఉద్యోగం ఎప్పుడు పోనాది?" అని కళ్ళొత్తుకుంది.

ఇక చూడండి. సన్యాసమ్మ నోట పడ్డ మాట సైకిలు కన్నా జోరుగా పోయింది. సాయంత్రం జయకృష్ణ ఇల్లు చేరేసరికి నాగమణి గుమ్మంలో కూలబడి ఉంది. పక్కన మందస నుంచి ఆటోలో పరుగెత్తుకొచ్చిన బావమరిది, వాడి పక్కన ఒక బియ్యం బస్తా.

"ఉద్యోగం పోతే నాకు సెప్పొద్దేటండీ? సాపలమ్ముకుంటే తప్పని నానన్నానా? ఊరందరికీ తెలిసినాక నాకు తెలవాలా?" అని నాగమణి బావురుమంది.

ఉద్యోగం ఉందని చెప్పడానికి ఆయనకి గంట పట్టింది. నమ్మడానికి ఆవిడకి ఇంకో గంట పట్టింది. నమ్మాక, మరి ఈ కంపేమిటని మళ్ళీ మొదలుపెట్టింది.

వారం తిరక్కుండా ఫ్యాక్టరీ యజమాని పిలిపించాడు. జీడిపప్పు ఏ వాసనైనా ఇట్టే పీల్చేస్తుందనీ, చేపల వ్యాపారం ఏదన్నా ఉంటే గేటు బయటే పెట్టుకోమనీ చెప్పాడు. జయకృష్ణ సైకిలుని వీధిలో పెట్టాడు. సామ్యేలు ఒకరోజు షాపు ముందు ఆయన సైకిలాపి, "ఆదివారం చర్చిలో మీ ఉద్యోగం కోసం ప్రార్థన పెట్టించినాను బాబూ" అన్నాడు.

"నా ఉద్యోగం పోలేదయ్యా!"

"సూసినారా? అప్పుడే పంజేసింది" అన్నాడు సామ్యేలు తృప్తిగా.

అవమానాలెన్నయితేనేం, చక్రాలు మాత్రం కిమ్మనలేదు. రైలు పట్టాలు దాటినా, గోతుల్లో పడ్డా ఒక్క టింగు లేదు. గిన్నెలు పట్టుకొచ్చేవాళ్ళు కూడా నెమ్మదిగా మానేశారు. కొబ్బరాకుల మీద గాలి వినబడుతుంటే జయకృష్ణకి కళ్ళు చెమర్చాయి. ఎంతసేపు విన్నా అందులో లాయరు లేడు.

అది ఢిల్లీశ్వరరావుకి మింగుడు పడలేదు. టీ కొట్టు దగ్గర అందరి ముందూ పట్టుకున్నాడు. "నా మాటిను బావా, ఇవీ ఇరిగిపోతాయి. రేపట్నుంచి నా స్కూటరెక్కీయ్. కేసు మంచి రసపట్టులో ఉంది."

జయకృష్ణకి ఎన్నడూ లేని పౌరుషం వచ్చింది. "ఇవి విరిగే చక్రాలు కావోయ్! నిన్నూ నన్నూ కలిపి కూర్చోబెట్టినా కిక్కురుమనవు. కావలిస్తే సామ్యేలునడుగు!"

నోటి దూల అంటే అదే.

ఆ సాయంత్రం ఢిల్లీశ్వరరావు ఉపాయం మార్చాడు. స్కూటర్‌ని సైకిలు పక్కనే నడిపిస్తూ కథ మొదలుపెట్టాడు. జయకృష్ణ ప్రాణాలు పెడలు మీద పెట్టి తొక్కాడు. తొక్కేకొద్దీ బేరింగులు వేడెక్కి చేప నూనె ఘుమాయించింది. ఊరి మొదట్లో రెండు పిల్లులు సైకిలు వెంటపడ్డాయి. పిల్లుల వెంట కుక్క పడింది. తల ఇటు తిప్పి, "అప్పుడు జడ్జిగారేటన్నారంటే" అంటున్న ఢిల్లీశ్వరరావు కుక్కని చూడలేదు. చూసేసరికి స్కూటర్‌తో సహా కాలవలో ఉన్నాడు.

జయకృష్ణ పరుగెత్తుకెళ్ళి లేవదీస్తే, ఆయన విరిగిన తన కుడి చెయ్యి పట్టుకుని, "నీ తప్పేట్నేదు బావా" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేశారు. చెయ్యి అతికేదాకా బండి ముట్టుకోకూడదన్నారు. దవడకి మాత్రం ఏమీ కాలేదు.

జయకృష్ణ ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. నాగమణి అంతా విని, "మన సైకిలు మూలాన్నే కదేటండీ పాపం అన్నయ్యకి సెయ్యిరిగింది?" అంది.

"కుక్క మూలాన."

"కుక్క ఎందుకొచ్చినాది? మరి ఆయన డూటీకెలాగెల్తాడు? మీ సక్రాలు ఇద్దర్నీ మోత్తాయని టీ కొట్టు కాడ మీరే అన్నారట. ఊరంతా సెప్పుకుంతన్నారు."

తెల్లారేసరికి క్యారియర్ మీద పాత దిండు ఒకటి మడతపెట్టి, పురికొసతో గట్టిగా కట్టి ఉంది. ఢిల్లీశ్వరరావు చెయ్యి మెడకి తగిలించుకుని, పౌడరు రాసుకుని వీధిలో నిలబడ్డాడు. స్కూటర్ మీదయితే గాలికి సగం మాటలు కొట్టుకుపోయేవి. ఇక్కడ ఆయన నోరు సరిగ్గా జయకృష్ణ చెవి వెనకాలకి వచ్చింది. పైగా సైకిలు నెమ్మదిగా పోతుంది.

"ఇదే బాగుంది బావా. మొదట్నుంచీ సెప్పనా?" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

జయకృష్ణ గోతుల్ని వెతుక్కుంటూ తొక్కాడు. రైల్వే గేటు దగ్గర పట్టాల మీదికి కావాలనే ఎగిరేలా తోలాడు. ఫ్యాక్టరీ దాకా ఆయన చెవి ఒక్క "టింగు" కోసం తపించిపోయింది.

సామ్యేలు మాటంటే మాటే.