జీర్ణవ్యవస్థకు దిష్టిబొమ్మ

ఆ సోమవారం హరిణి వేసుకున్న పథకం చిన్నదే. ఇడ్లీ తినాలి, బొమ్మనహళ్ళిలోని బడికి ముందుగా చేరాలి, ఏడో తరగతి కోసం తాను సొంతంగా తయారుచేసిన జీర్ణవ్యవస్థ వెబ్ పేజీని ట్రస్టీ వెంకటరమణప్పకు చూపించాలి. ఆయనకు నచ్చితే ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే కంప్యూటరు గది యూనిఫారాల గోడౌను అవుతుంది, సైన్సు టీచరు ఇంట్లో కూర్చుంటుంది.

ఇడ్లీ మధ్యలో ఒక మాట జారింది. "పేజీ పైన నా ఫోటో కూడా పెట్టినామ్మా."

తల్లి అక్కయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "దాన్ని ఎవురు చూస్తారే?"

"ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు."

"ప్రపంచమంతానా! స్టుడియోవాడు నీ ఫోటో అద్దాల్లో పెడితేనే నీకు కామెర్లొచ్చె. మన వీధి కండ్లకే అట్లైతే, ప్రపంచం కండ్లు పడితే నువ్వేం మిగులుతావు? పక్కన ఒక దిష్టిబొమ్మ పెట్టు. పెట్టేదాకా నేను కాఫీ తాగేది లేదు."

అక్కయమ్మ కాఫీ మానేస్తే తలనొప్పి ఇంటిల్లిపాదికీ వస్తుంది. హరిణి బడికి వెళ్ళగానే కంప్యూటరు టీచరు ఫయాజ్‌ను బతిమాలుకుంది. పక్కన కడుతున్న బిల్డింగుకు వేలాడే దిష్టిబొమ్మను అతను ఫోటో తీసి పేజీలో పెట్టాడు. ఊరికే పెడితే ఏం బాగుంటుందని, మౌసు బాణం ఎటు పోతే బొమ్మ అటే పరుగెత్తేలా చేశాడు. ఆ సంగతి హరిణికి చెప్పకుండానే టీకి పోయాడు. ఆమె క్లాసుకు పోయింది.

ట్రస్టీ వచ్చేలోగా ఒకసారి చూద్దామని హెడ్మాస్టరు పద్మనాభం కుర్చీలో కూర్చున్నారు. మౌసు కదిపారు. కోరలూ ఎర్ర నాలుకా వేసుకొని రాక్షసుడు వెంటపడ్డాడు. ఆయన బాణాన్ని మూలకు తీసుకుపోయారు. వాడూ మూలకొచ్చాడు.

"వైరస్! ఫయాజ్, వైరసొచ్చిందయ్యా!"

వైరసు ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు పాకుతుందని ఆయన పేపర్లో చదివారు. అందుకని బడి మెయిన్ స్విచ్చే ఆపేశారు. ఫ్యాన్లు ఆగాయి, గంట మోగలేదు. కిటికీలోంచి తొంగిచూసిన పిల్లలు కంప్యూటర్లో రాక్షసుడు ఉన్నాడన్నారు. ఆ మాట ఒకటో తరగతికి చేరేసరికి రాక్షసుడు బయటికొచ్చాడు. గేటు దాకా వచ్చేసరికి సైన్సు మేడమ్‌ను పట్టుకున్నాడు.

గేటు దగ్గర అక్కయమ్మ ఉంది. బొమ్మ పెట్టారో లేదో కనుక్కుందామని కాఫీ తాగకుండానే వచ్చింది. ఆ మాట విని ఎదురంగడిలో బూడిదగుమ్మడికాయ కొని, కుంకుమ దట్టించి, పరుగున పోయి కంప్యూటరు గది గడపమీద పగలగొట్టింది. సరిగ్గా అప్పుడే వెంకటరమణప్ప లోపలికి అడుగుపెట్టాడు. కుంకుమ నీళ్ళు ఆయన తెల్లపంచె మీద చిందాయి.

"వైరస్ సార్..." అన్నారు పద్మనాభం.

"వైరస్‌కు గుమ్మడికాయ కొట్టినారా? మంచిదే. మా చిక్కపేట అంగట్లో కంప్యూటరుకు టెంకాయ కొట్టినాం, ఇంతవరకూ చెడలే. గేటుకాడ చెప్పినారే, యాడుండాడు ఆ రాక్షసుడు?"

స్విచ్చి వేశారు. గోల విని పరుగెత్తుకొచ్చిన హరిణి తెరవంక చూసి, ఉద్యోగానికి మనసులోనే నీళ్ళు వదులుకుంది. వెంకటరమణప్ప మౌసు పట్టాడు. రాక్షసుడు జీర్ణవ్యవస్థ పటంలో నోట్లోంచి కిందికి దిగాడు. కిటికీల్లో పిల్లలు పటం పక్కనున్న పేర్లు చదువుతూ అరవసాగారు.

"స్టమక్‌లో ఉండాడు సార్!"

"ఇప్పుడు స్మాల్ ఇంటెస్టైన్! మెల్లిగా తిప్పండి, మెలికలుండాయి!"

"ఇంటెస్టైన్ అంటే ఏందప్పా?"

"పేగు సార్!"

ట్రస్టీ నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ, రాక్షసుణ్ణి పేగులన్నీ దాటించాడు. అన్నాళ్ళూ ఆ పేజీ తెరవని పిల్లలు, తర్వాత నేనంటే నేనని తోసుకున్నారు.

"చానా బాగుండాది. ఈ ఆలోచన ఎవురిది?"

టీ తాగి వచ్చిన ఫయాజ్ హరిణిని చూపించాడు. హరిణి తల్లిని చూపించింది. అక్కయమ్మ చేతిలోని గుమ్మడిచెక్కను వీపు వెనక దాచుకుంది.

"ఈ టీచరమ్మిని పర్మనెంటు చేయండప్పా. లెక్కల మేష్టరుకు గూడా ఒక రాక్షసుణ్ణి ఇయ్యండి."

ఇంటికొచ్చాక హరిణి కాఫీ కలిపి ఇచ్చింది. "ఇప్పుడన్నా నెమ్మదేనా? నా ఫోటో వంక ఒక్కరూ చూడలే."

"ఏం నెమ్మదే! ఇంతమంది కండ్లూ ఆ బొమ్మ మీదే పడె. దానికేమన్నా అయితే?"

సాయంత్రం వీధి చివరి బ్రౌజింగ్ సెంటర్లో అరగంటకు డబ్బు కట్టి, అక్కయమ్మ దిష్టిబొమ్మకు దిష్టి తీసింది.